రాగి నడవాలో పదకొండో అడుగు

ఆ భవనం నేలమాళిగలోకి ఎండ రాదు. పొద్దున తొమ్మిదికి మెట్లు దిగినవాళ్ళకి సాయంత్రం మళ్ళీ ఎక్కొస్తేగానీ బయట వాన పడిందో లేదో తెలియదు. పంపుల రొద, వేడెక్కిన నూనె వాసన, ట్యూబులైట్ల తెల్లటి వెలుగు, అంతే. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది కొలతలక్క. అసలు పేరు జీతం కాగితాల్లో ఎక్కడో ఉంటుంది. పైఅంతస్తు పెద్దసారు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ కొలతలక్కే. నిద్రలో పక్కకి తిరిగినా ఎన్ని అంగుళాలు తిరిగానా అని చూసుకుంటుందని తమ్ముడు వేళాకోళం చేసేవాడు.

ఆ తమ్ముడు కూడా అక్కడే, అయాన్ల యంత్రం నడిపే ఆపరేటరు. ముప్ఫై దాటినా కాలు ఒకచోట నిలిచేది కాదు. వాడికి నడక రాదు, వస్తే పరుగే. అందుకే తూనీగ అనేవాళ్ళు. తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఆవిడకి పంతొమ్మిది. అన్నం కలిపి పెట్టిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చుందీ, చివరికి ఈ ఉద్యోగంలో చేర్పించిందీ అన్నీ అక్కే. వాడూ అంతే. ఎవరి మాట విన్నా వినకపోయినా అక్క మాట మాత్రం జవదాటడు. అంత బుద్ధిగా వినకపోయినా బాగుండేదని ఇప్పుడు ఆవిడే ఏడుస్తుంది.

ఇంతకీ ఆవిడ పనేమిటంటే, నెమ్మదిగా పోయే అయాన్లని లోహపు పొరలోంచి పంపి, అవతలికి వచ్చేసరికి వాటి శక్తి ఎంత తగ్గిందో చూడటం. ఎంతతో వెళ్ళింది, ఎంతతో వచ్చింది. తేడా రాసుకోవడం. మళ్ళీ ఇంకో వేగంతో పంపడం.

"రేకులోంచి అయాను దూరితే మనకేం ఒరిగిందక్కా?" అని వాడు ఓసారి అడిగాడు.

"చుట్టాలతో కిక్కిరిసిన పెళ్ళింట్లో ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి వెళ్ళాలనుకో. నిన్నెవరూ కొట్టరు, తొయ్యరు. కానీ ప్రతి ఒక్కరూ చెయ్యి పట్టుకుని, బాగున్నావా, కాసేపు ఉండు అంటారు. లోహంలో ఎలక్ట్రాన్లూ అంతే. అయాను ఊపుని తలా కాస్త లాగేసుకుంటాయి. ఎంత దూకుడుగా పోతే అంత గట్టిగా పట్టుకుంటాయి. నెమ్మదిగా పోయేదాన్ని నెమ్మదిగానే పట్టుకుంటాయి."

"నేనైతే భోజనాల దగ్గరే ఆగిపోతాను."

"నీ సంగతి నాకు తెలీదూ!"

ఆవిడ వాడే పొరలు ఊపిరి తగిలితే చిరిగేంత పలచన. లోపలికి వెళ్ళిన అయాను అవతలికి వచ్చే తీరుతుంది. ఒకటీ అరా రాకపోయినా అవతలి మీటరులో అది పడదు, కాబట్టి లెక్కలో ఉండదు. వచ్చినవాటి గొడవే తప్ప రానివాటి గొడవ ఆవిడకి ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ పట్టలేదు.

కంట్రోల్ రూమ్‌కీ యంత్రం ఉన్న హాలుకీ మధ్య పద్దెనిమిది అడుగులు వేస్తే దాటే నడవా ఉంది. హాల్లోకి వెళ్ళాలన్నా రావాలన్నా అదొక్కటే దారి. బయటి రేడియో తరంగాలు దూరి కొలతలు పాడవుతున్నాయని ఆ నడవా గోడలకీ, పైకప్పుకీ, నేలకీ రాగి రేకులు కొట్టించారు. కొట్టింది రేకులమేస్త్రి. పాత రేకులే, ఏదో భవనం పడగొడితే వచ్చినవి. తోమి కొట్టేసరికి కొత్తవాటిలా మెరిశాయి.

మొదటి వారంలోనే తూనీగ అన్నాడు, "అక్కా, ఆ నడవాలో కాళ్ళు నావి కావనిపిస్తోంది. గుమ్మంలో ఎంత ఊపుతో అడుగుపెడితే అంతే. లోపలికెళ్ళాక కొత్తగా వీసమెత్తు పుట్టదు. తెచ్చుకున్నదాన్నే అరగదీసుకుంటూ ఇవతలికి రావాలి."

"పొద్దున్నే ఏమీ తినకుండా పరిగెత్తుకొస్తే అలాగే ఉంటుంది" అందావిడ. వాడు చెప్పింది చెవిన పెట్టలేదు.

ఆ తర్వాత వాసన మొదలైంది. చెమట పట్టిన గుప్పిట్లో నాణేలు చాలాసేపు పట్టుకుంటే వస్తుందే, ఆ వాసన. పంపులు ఆపినప్పుడు చెవి ఒగ్గితే లోపల గుసగుసలు వినిపించేవి. మాట తెలిసేది కాదు. చాలామంది ఒకేసారి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. పైపుల్లో నీళ్ళని ఆవిడ సరిపెట్టుకుంది. సరిపెట్టుకోక ఏం చేస్తుంది, చదువుకున్న మనిషాయె!

మూడో వారంలో కరెంటాయన బల్బు మార్చడానికి లోపలికి వెళ్ళాడు. వెళ్ళిన నిమిషానికి కేక వినిపించింది. వెళ్తున్న ఊపులోనే హాలు వైపు గుమ్మం దాకా తూలుతూ పోయి, నిచ్చెనా బల్బూ అక్కడ పారేసి, ఒక్క ఊపున పరుగందుకుని ఇవతలికి వచ్చి పడ్డాడు. ఆవిడ కాళ్ళ దగ్గరే పడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒళ్ళు మంచుగడ్డ.

"చేతులు..." అన్నాడు. "అన్నీ చేతులే... ఉండమంటున్నాయి..."

అంతే, కళ్ళు మూశాడు. ఆస్పత్రిలో వేశారు. ప్రాణం ఉంది, తెలివి లేదు.

ఇక్కడే ఆలోచించండి. పరిగెత్తాడు, నీలంగా మారాడు, నిజమే. కానీ బయటికి వచ్చాడు కదా! ఆవిడ కళ్ళకి పెదాలే కనిపించాయి. బయటపడ్డ సంగతి కనిపించలేదు.

మర్నాడు పెద్దసారు హాలు మూసెయ్యమన్నాడు. మూసేముందు అసలు సంగతి తేల్చుకోవాలని కొలతలక్క పొద్దున్నే నడవా రెండు గుమ్మాల దగ్గరా వేగం చూపించే మీటర్లు పెట్టించింది. ఇవతలి నుంచి ఇనుప గోళీలు దొర్లించింది. ఎంతతో వెళ్ళింది, ఎంతతో వచ్చింది. ఆవిడకి తెలిసిన పద్ధతి అదొక్కటే. జోరుగా దొర్లించిన గోళీ ఎక్కువ శక్తి పోగొట్టుకుంది. మెల్లగా దొర్లించింది తక్కువ పోగొట్టుకుంది. అచ్చం అయాన్ల లెక్కే! భయం ఎటు పోయిందో, ఆవిడ మొహం వెలిగిపోయింది. అన్నిటికంటే మెల్లగా దొర్లించిన గోళీ ఒకటి అవతలి మీటరుకి చేరలేదు. ఏ రేకు అతుకుకో తట్టుకుని ఉంటుందిలే అనుకుని ఆ వరస కొట్టేసింది.

మధ్యాహ్నం ఆవిడ లెక్కలు ముగించేసరికి రేకులమేస్త్రి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మనిషి తల ఎత్తడం లేదు.

"అమ్మా, ఒకమాట చెప్పాలి. తిట్టకండి."

"చెప్పు మేస్త్రీ."

"ఆ రేకుల మీద చేతి ముద్రలున్నాయమ్మా. ఒకటీ రెండూ కాదు, ఇంత చోటు వదలకుండా. పెద్దవీ, చిన్నవీ. లోపలున్నవాళ్ళు బయటికి రావాలని అరచేతులు ఆనించినట్టు. ఎంత తోమినా పోలేదు. ముద్రలున్న వైపు గోడకి పెట్టి కొట్టేశాను. తప్పయిపోయింది."

"ఏ భవనంలోవి అవి?"

"నేనడగలేదమ్మా. అమ్మినవాడు చెప్పలేదు."

 ఆవిడ ఏదో అనబోయింది. అంతలో వెనక నుంచి రయ్యిమని గాలి తగిలింది. తూనీగ! మెట్ల మీద నుంచే పరుగందుకుని నేరుగా నడవాలోకి దూసుకుపోయాడు.

"యంత్రం ఆపి, గ్యాసు కట్టేసి రావాలిగా అక్కా! రెండు నిమిషాలు!"

"ఒరేయ్! ఆగరా!"

వాడు అప్పటికే అవతల ఉన్నాడు. ఇంటర్‌కమ్‌లో వగర్పు వినిపించింది.

"వచ్చేశానక్కా. కొంచెం చలిగా ఉందంతే."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పంపులు ఒక్కొక్కటే ఆగాయి. రొద తగ్గేకొద్దీ నడవాలోంచి ఆ గుసగుసలు పైకి తేలాయి. ఈసారి మాట తెలుస్తోంది.

కాసేపు ఉండు... కాసేపు ఉండు...

మేస్త్రి చెవులు మూసుకున్నాడు.

హాల్లో ఏదో పడ్డ చప్పుడు. వెంటనే గాలి తగ్గిపోతోందని చెప్పే అలారం కూయడం మొదలైంది. చలికి కొయ్యబారిన చేతుల్లోంచి ద్రవ నైట్రోజన్ గొట్టం జారిపోయింది వాడికి. అది గ్యాసై హాలంతా నిండితే పీల్చడానికి గాలి మిగలదు. మహా అయితే ఐదు నిమిషాలు.

"అక్కా, వచ్చేస్తున్నా. పరిగెత్తుకొచ్చేస్తా."

"వద్దు!" అని అరిచిందావిడ. "పరిగెత్తకు! పరిగెత్తేకొద్దీ అది గట్టిగా పట్టుకుంటుంది. నేను కొలిచాను. మెల్లగా రా. అడుగులో అడుగు వేసుకుంటూ రా."

"అది కాదక్కా... లోపల కొత్తగా ఊపు పుట్టదు. పరిగెత్తితేనే..."

"నోర్మూసుకుని చెప్పింది విను. కరెంటాయన గతి చూశావుగా. నీకేమైనా అయితే నేను బతకలేనురా."

 వాడు నవ్వాడు.

"సరేలే. నువ్వెలా అంటే అలాగే."

అవతలి గుమ్మంలో వాడు కనిపించాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, సాయంత్రం షికారుకి బయల్దేరినవాడిలా మెల్లగా అడుగు లోపల పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు అంత నిదానంగా నడవడం ఆవిడ చూడలేదు. మంచి మాట విన్నాడని ఎంత మురిసిపోయిందో!

ఒకటి. రెండు. మూడు. ఆవిడ పైకే లెక్కపెడుతోంది.

నాలుగు... ఐదు...

గోడల మీద రాగి రంగు వాడి మొహం మీద పడుతోంది. ఆవిణ్ణే చూస్తున్నాడు. పెదాల మీద చిన్న నవ్వు.

ఆరు...

ఏడు.

ఏడో అడుగు పడటానికి మరీ ఎక్కువసేపు పట్టింది.

ఎనిమిది... అలారం కూస్తూనే ఉంది. వాడి నుదుటి మీద జుట్టు పైకి లేచింది. కిందికి పడటం లేదు.

తొమ్మిది...

అప్పుడు ఆవిడ చూపు వాడి కాళ్ళ దగ్గరికి పోయింది. తొమ్మిదో అడుగుకి ఇవతలగా, నున్నటి రాగి నేల మీద, పొద్దున తను దొర్లించిన ఇనుప గోళీ. ఏ అతుకుకీ తట్టుకోలేదు. నేల మధ్యలో ఒంటరిగా ఉంది.

ఆవిడకి లెక్క తెలిసింది. వేగంగా వచ్చినా మెల్లగా వచ్చినా అక్కడ ప్రతి అడుగూ సమానంగానే వేగాన్ని కోసుకుంటోంది. ఎక్కువ తెచ్చుకున్నవాడు నీలమైపోయి అయినా ఇంకాస్త మిగుల్చుకుని బయటపడతాడు. తక్కువ తెచ్చుకున్నవాడికి మధ్యలోనే అయిపోతుంది. పలచటి పొరలు చూసి చూసి, దాటలేనిది ఎక్కడ ఆగుతుందో అడగడమే మర్చిపోయింది.

"పరిగెత్తరా!" గొంతు చిరిగేలా అరిచింది. "నాన్నా, పరిగెత్తు! నేను చెప్పింది తప్పు! పరిగెత్తు!"

వాడికి వినిపించిందో లేదో. పది... పదకొండో అడుగుకి మడమ లేచింది. అలాగే ఉండిపోయింది.

ఆవిడ లోపలికి దూకబోతే మేస్త్రి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. "మీరూ ఆగిపోతారమ్మా! ఇద్దరూ పోతారు!" తాడు విసిరారు. సగందూరం పోయి తాడు కొస గాల్లోనే నిలిచిపోయింది. పొడవాటి కర్ర పెట్టి తోశారు. బయటి తోపు లోపలి కొసకి అందనే లేదు, రెండడుగులు పోయి బిగుసుకుపోయింది. బరువైనది ఎక్కువ దూరం పోతుందని ఆవిడకి తట్టింది. ట్రాలీ నిండా సీసం ఇటుకలు వేసి, ఇద్దరూ కలిసి గది ఆ చివర నుంచి పరుగున తోసుకొచ్చి వదిలారు. అది వాణ్ణి గుద్ది అవతలి గుమ్మంలోంచి పారేసినా చాలు, హాల్లోంచి మళ్ళీ పరిగెత్తుకు రావచ్చు. ట్రాలీ జోరుగా పోయింది. నెమ్మదించింది. వాడి మోకాలికి బెత్తెడు దూరంలో ఆగింది.

గుసగుసలు ఆగిపోయాయి. అడిగింది దొరికాక ఇంకేం అడుగుతాయి?

ఇదంతా పట్టపగలు, మధ్యాహ్నం మూడింటికి. పైన జనం టీలు తాగుతున్నారు.

పెద్ద డాక్టర్లు వచ్చి గుమ్మంలోంచి చూసి వెళ్ళారు. బతికున్నాడనలేదు, పోయాడనీ అనలేదు. రేకులు పీకాలంటే లోపలికి వెళ్ళాలి, వెళ్ళేవాడెవడు? పెద్దసారు గుమ్మానికి మందపాటి అద్దం బిగించి, మరమ్మతులు జరుగుతున్నాయని బోర్డు పెట్టించాడు. కంట్రోల్ రూమ్ ఖాళీ చేశారు. తాళంచెవి మాత్రం కొలతలక్క ఇవ్వలేదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

మూడు నెలలైంది. రోజూ మధ్యాహ్నం ఒక గంట అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వాణ్ణి తిడుతుంది, బతిమాలుతుంది, తినబుద్ధి కాక మిగిల్చిన అన్నం సంగతి చెబుతుంది. అద్దం మీద సన్న గీతల స్కేలు అంటించి, వాడి మడమ, చెయ్యి, కనుపాప ఎక్కడున్నాయో రాసుకుంటుంది. రెండో నెలలో మడమ వెంట్రుకవాసి కదిలింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"వాడు ఆగలేదు మేస్త్రీ. అలాంటి పట్టులో పూర్తిగా ఆగడమంటూ ఉండదు. నడుస్తూనే ఉన్నాడు. మనకి నెలలు, వాడికి రెప్పపాటు."

గత వారం కనుపాపలు కదిలాయి. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మేస్త్రిని పిలిపించింది. "చూడు, నన్నే వెతుకుతున్నాడు. అక్క ఎక్కడుందా అని చూస్తున్నాడు."

మేస్త్రి అద్దం దగ్గర వంగి చాలాసేపు చూశాడు. కుర్చీలో ఉన్న ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ వాణ్ణి చూశాడు.

"మిమ్మల్ని కాదేమోనమ్మా" అన్నాడు మెల్లగా. "మీ భుజం మీద నుంచి... వెనక్కి చూస్తున్నట్టున్నాడు."

ఆవిడ స్కేలు సర్దుకుని మళ్ళీ కొలిచింది. మేస్త్రి చెప్పింది నిజమే. ఇంకొకటి కూడా కనిపించింది. పెదాల మీద నవ్వు సగానికి తగ్గింది. కనుబొమలు పైకి లేస్తున్నాయి. వాడు చిన్నప్పుడు చీకట్లో భయపడ్డప్పుడు సరిగ్గా ఇలాగే లేచేవి.

రాత్రంతా నిద్రపట్టక లెక్క వేసుకుంది. మూడు నెలలు వాడికి రెప్పపాటైతే, రోజుకో గంట కూర్చునే అక్క వాడికి కనిపించనే కనిపించదు. తిరుగుతున్న ఫ్యాను రెక్క మన కంటికి ఆనుతుందా? ఇన్నాళ్ళూ ఏడ్చిందీ బతిమాలిందీ వాడు చూడనేలేదు. వాడి కంటికి ఆనాలంటే అది గోడో బీరువానో అయి ఉండాలి. ఈ గదిలో నెలల తరబడి ఒకేచోట, రాత్రీ పగలూ, కదలకుండా నిలబడి ఉన్నదై ఉండాలి. గోడనో బీరువానో చూసి ఎవరూ భయపడరు.

ఇవాళ మధ్యాహ్నం తాళం తీసి లోపలికి వచ్చి, కూర్చోకుండా వెనక్కి తిరిగి చూసింది. బల్ల ఉంది. గోడ ఉంది. మధ్యలో ఖాళీ నేల. ఏమీ లేదు.

నేల తుడిచే ఆవిడ బకెట్టుతో వచ్చింది. ఆ మూల నుంచి ఈ మూలకి తడిగుడ్డ లాగుతూ, కూనిరాగం తీసుకుంటూ వచ్చి, కుర్చీ వెనక ఒకచోట పక్కకి జరిగి, చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళింది.

"అక్కడెందుకు వదిలేశావు?" అంది కొలతలక్క.

"ఎక్కడమ్మా?" తుడిచే ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "అంతా తుడిచానుగా."

నేలంతా తడిగా మెరుస్తోంది. కుర్చీ వీపుకి జానెడు దూరంలో మాత్రం, మనిషి నిలబడేంత చోటు పొడిగా ఉంది.